కాలువ నీళ్లు, కబడ్డీ మట్టి, పది రోజుల తర్వాత జ్వరం

ఆట ఆడిన పది రోజులకు వచ్చిన జ్వరాన్ని ఎవరూ ఆటతో ముడిపెట్టరు. మోకాలు దోక్కుపోతే అందరికీ కనబడుతుంది. ఇంట్లో చీవాట్లు పడతాయి, సాయంత్రానికి ఆర్‌ఎంపీ దగ్గరికెళ్లి టీటీ కూడా పొడిపించుకుంటారు. అదే కుర్రాడు వానాకాలంలో బురదచేలో ఫుట్‌బాల్ ఆడి, గేదెల్ని కడిగే రేవులోనే ఈతకొట్టి, వారం పదిరోజులు మామూలుగా తిరిగి, తర్వాత చలిజ్వరంతో పడుకుంటే "వైరల్ ఫీవర్‌లే" అంటారు. ఎక్కడ ఆడావు, ఎప్పుడు ఆడావు అని అడిగేవాళ్లు ఉండరు. చెప్పాలని వాడికీ తోచదు. గోదావరి డెల్టాలో ఆరుబయట ఆటల వల్ల అంటుకునే జబ్బుల చిక్కు చాలావరకు ఈ ఎడంలోనే ఉంది.

రెండో చిక్కు, అన్నిటినీ "మురికి" అనే ఒక్క మాట కింద కలిపేయడం. బురద చూడగానే కేకలేసే పెద్దలు, తేటగా పారే కాలువలోకి పిల్లల్ని నిశ్చింతగా దింపుతారు. నీళ్ల రంగును బట్టి జబ్బు రాదు. క్రిమి ఏ దారిన ఒంట్లోకి వస్తుందో అడగాలి. తెగిన చర్మంలోంచా, ముక్కులోంచా, నోట్లోంచా, దోమ కుట్టా, కుక్క కరిచా, పక్క ఆటగాడి ఒంటి నుంచా? దారి తెలిస్తే ఏది మూయాలో తెలుస్తుంది. ఒకే చేలో ఏప్రిల్‌లో ఉండే ప్రమాదం వేరు, ఆగస్టులో ఉండే ప్రమాదం వేరు.

ముందు ఎలుక జ్వరం సంగతి చూద్దాం, డెల్టాకు అచ్చంగా సరిపోయే జబ్బు కాబట్టి. వైద్యులు దీన్ని లెప్టోస్పైరోసిస్ అంటారు. మెలితిరిగిన సన్నటి బాక్టీరియా ఎలుకలు, పశువులు, పందులు, కుక్కల మూత్రపిండాల్లో కాపురముండి మూత్రంలో బయటికి వస్తుంది. ఉప్పులేని నీళ్లలో, తడిమట్టిలో వారాల తరబడి బతుకుతుంది. మట్టి ఎండితే, నీళ్లు ఉప్పగా ఉంటే తొందరగా చస్తుంది. మనిషి ఒంట్లోకి చిన్న చిన్న గాయాల్లోంచి, ఎక్కువసేపు నీళ్లలో నాని మెత్తబడిన చర్మంలోంచి, కళ్లు, ముక్కు, నోటి లోపలి పొరల్లోంచి వస్తుంది.

ఇప్పుడు మన చేలు చూడండి. గట్ల నిండా ఎలుక బొరియలు. పక్కనే బోదెలో మెడదాకా మునిగిన గేదెలు. చెప్పుల్లేని కాళ్లు. దాళ్వా (రెండో పంట) కోతలయ్యాక మే నెలలో నెర్రెలిచ్చిన చేలో క్రికెట్ ఆడేవాడికి ఎలుక జ్వరం భయం బాగా తక్కువ. వాడి కష్టాలు ఎండదెబ్బ, అరికాల్లో దిగే వరి మోళ్లు. అదే చేలో తొలకరి పడి దమ్ము చేసే రోజుల్లో ఆడితే లెక్క తిరగబడుతుంది. లంక గ్రామాల్లో వరద తీసిన మర్నాడే వాలీబాల్ నెట్టు కట్టేయడం కూడా ఇలాంటిదే. ఒండ్రు బాగా ఎండేదాకా నాలుగు రోజులు ఆగితే ఆటకు పోయేదేమీ లేదు.

ఇది ఆటగాళ్ల జబ్బా, రైతుకూలీల జబ్బా అనే అనుమానం ఎవరికైనా ఉంటే మలేసియాలో జరిగింది చెప్పాలి. 2000 ఆగస్టు, సెప్టెంబరులలో బోర్నియో ద్వీపంలోని సబాలో ఎకో-ఛాలెంజ్ అనే సాహస పోటీ జరిగింది. అడవిలో పరుగు, నదిలో ఈత, పడవ, సైకిలు అన్నీ ఉన్న పోటీ. 304 మంది పాల్గొన్నారు. అందరూ ఆరోగ్యవంతులు, కండలు తిరిగినవాళ్లు. పోటీ ముగిసి ఎవరి దేశాలకు వాళ్లు వెళ్లిపోయాక జ్వరాలు మొదలయ్యాయి. పరిశోధకులు 189 మందిని వెతికి పట్టుకుని మాట్లాడితే అందులో 80 మంది లక్షణాలు ఎలుక జ్వరంతో సరిపోయాయి. 29 మంది ఆసుపత్రిలో చేరారు. అదృష్టవశాత్తు ఎవరూ చనిపోలేదు. సెగామా నదిలో ఈదినవాళ్లకు ప్రమాదం ఎక్కువని తేలింది. పోటీకి ముందో, పోటీ మధ్యలోనో డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ వేసుకున్నవాళ్లకు కొంత రక్షణ దొరికింది. రెండేళ్ల ముందు, 1998లో, అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో స్ప్రింగ్‌ఫీల్డ్ చెరువులో జరిగిన ట్రయథ్లాన్‌లో (ఈత, సైకిలు, పరుగు కలిసిన పోటీ) కూడా ఇదే కథ.

జ్వరం సాధారణంగా 5 నుంచి 14 రోజుల మధ్య మొదలవుతుంది. రెండో రోజునైనా రావచ్చు, నెలకైనా రావచ్చు. ఒక్కసారిగా చలి, తలనొప్పి, ఒళ్లునొప్పులు. రెండు గుర్తులు మాత్రం పట్టించుకోవాలి: పిక్కలు ముట్టుకుంటే ఓర్చుకోలేనంత నొప్పి, పుసులు లేకుండా కళ్లు ఎర్రబడటం. ఆటగాడికి పిక్కల నొప్పి అంటే "బాగా ఆడాడు, పట్టేసింది" అని నూనె రాస్తారు. అక్కడే మోసం జరుగుతుంది. చాలామందికి ఇది దానంతటదే తగ్గిపోతుంది. కొందరికి ముదిరి కళ్లు పచ్చబడతాయి, మూత్రం తగ్గిపోతుంది, ఊపిరితిత్తుల్లో రక్తస్రావం కూడా కావచ్చు.

కళ్లు పచ్చబడితే మన దగ్గర ఏం చేస్తారో తెలిసిందే. పసరు పోయిస్తారు, పత్యం పెడతారు, ఆసుపత్రి మాట వారం తర్వాత చూద్దామంటారు. మామూలు కామెర్లు చాలావరకు వాటంతటవే తగ్గేవి కాబట్టి పసరుకు పేరు వచ్చింది. జ్వరంతో పాటు కామెర్లు, పైగా మూత్రం తగ్గడం అంటే అది ఆ కోవలోది కాదు. ఆ వారంలోనే మూత్రపిండాలు పోవచ్చు. తొలిరోజుల్లో ఇస్తే డాక్సీసైక్లిన్, పెన్సిలిన్ లాంటి పాత, చవక మందులే పనిచేస్తాయి. ఇంకో మెలిక ఉంది. రక్తంలో యాంటీబాడీలు చూసే పరీక్ష మొదటి వారంలో నెగటివ్ రావచ్చు. అందుకే రిపోర్టు కంటే "పన్నెండు రోజుల కిందట బురదలో ఆడాను, కాలికి గాయముంది" అని రోగి చెప్పే ఒక్క ముక్క డాక్టరుకు ఎక్కువ పనికొస్తుంది.

వానలో ఫుట్‌బాల్ ఆడటంలో ఉన్న మజా తెలియనివాళ్లే వద్దంటారు. నేను వద్దనను. కాలికి పుండు ఉన్నవాడు ఆ రోజు గోల్ పోస్టు వెనక నిలబడి అరవాలి, అంతే. ఆడినవాళ్లు బోదెలో కాళ్లు కడుక్కోకుండా ఇంటికొచ్చి కుళాయి నీళ్లతో, సబ్బుతో స్నానం చేయాలి. వరదల్లో, బురదల్లో తప్పక తిరగాల్సినవాళ్లకు వారానికోసారి 200 మిల్లీగ్రాముల డాక్సీసైక్లిన్ ముందుజాగ్రత్తగా ఇచ్చే పద్ధతి ఉంది. కేరళలో ఇది మామూలే. కానీ అది డాక్టరు తేల్చాల్సిన విషయం. గర్భిణులకు, చిన్నపిల్లలకు ఆ మందు తోచినట్టు ఇచ్చేది కాదు.

ఇక గాయాల సంగతి. సంక్రాంతికి ఏ ఊళ్లోనైనా కబడ్డీ కోర్టు పక్కన కాసేపు నిలబడండి. నేల తవ్వి, పెంకులు ఏరి, నీళ్లు చల్లి, సున్నంతో గీతలు గీస్తారు. రెండు మ్యాచ్‌లయ్యేసరికి తడి ఆరిపోయి దుమ్ము లేస్తుంది. రైడరును నలుగురు కలిసి వెనక్కి లాగుతుంటే మోకాళ్లు, మోచేతులు నేలకు రాసుకుపోతాయి. పైచర్మం లేచిపోయి, ఇసుక రేణువులు లోపల ఇరుక్కుని, సన్నగా రక్తం చిమ్ముతుంది. కుర్రాడు చుట్టూ చూసి, అదే కోర్టు మట్టి గుప్పెడు తీసి దానిమీద అద్దుకుంటాడు. రక్తం ఆగుతుంది, జనం ఈల వేస్తారు. రాత్రికి ఇంట్లో పసుపో, కాఫీ పొడో పెడతారు. ఇంకా తెలివైనవాళ్లు యాంటీబయాటిక్ క్యాప్సూల్ విప్పి ఆ పొడి చల్లుతారు.

అక్కడ చేయాల్సినది చాలా చిన్నది. శుభ్రమైన నీళ్లు ధారగా పోస్తూ నాలుగైదు నిమిషాలు కడగాలి, చుట్టూ సబ్బు రాయాలి, ఇరుక్కున్న ఇసుక తీసేయాలి, పొడి గుడ్డతో అద్ది కట్టు కట్టాలి. పైన పూసే మందు కంటే కడగడమే ముఖ్యం, ఎందుకంటే క్రిమి కూర్చునేది ఆ మట్టి రేణువుల్లోనే. ఫ్లడ్‌లైట్లకు, డీజేకు, బహుమతులకు చందాలు పోగుచేసే కమిటీలు కోర్టు పక్కన ఒక కుళాయి డ్రమ్ము, సబ్బు, దూది, బ్యాండేజీ పెట్టరు. మొత్తం ఖర్చులో అది డీజే వాడి టీ డబ్బులంత కూడా కాదు.

టీటీ విషయంలో మన నమ్మకం ఇంకో తమాషా. గీసుకుపోతే టీటీ, మేకు గుచ్చుకుంటే టీటీ, ఆరు నెలలు దాటితే మళ్లీ టీటీ. ఆ సూది ఒక్క ధనుర్వాతాన్నే ఆపుతుంది. చీము పట్టకుండా ఆపదు, ఎలుక జ్వరాన్ని ఆపదు. ధనుర్వాతం తుప్పు వల్ల రాదు. దాని బీజాలు మట్టిలో, పశువుల పేడలో ఉంటాయి, గాలి తగలని లోతు గాయంలో మొలకెత్తి విషం తయారుచేస్తాయి. మన టీకాల పట్టిక ప్రకారం పిల్లలకు 6, 10, 14 వారాలకు, తర్వాత 16–24 నెలల మధ్య, 5–6 ఏళ్లకు, 10 ఏళ్లకు, 16 ఏళ్లకు ఈ రక్షణ అందుతుంది. ఇప్పుడు టీటీ బదులు ఇస్తున్నది టీడీ, డిఫ్తీరియాను కూడా కలిపినది. ఇవన్నీ పడినవాడికి చిన్న శుభ్రమైన గాయమైతే చివరి డోసు పడి పదేళ్లు దాటితేనే మళ్లీ అవసరం. మట్టి, పేడ పట్టిన గాయం, లోతు గాయం అయితే ఐదేళ్లు. అంటే పోయిన ఏడాదే వేయించుకున్న పదో తరగతి కుర్రాడికి ఇంకోటి అక్కర్లేదు. అసలు కావలసినది వాళ్ల నాన్నకు. ఆడవాళ్లకు గర్భం సమయంలోనైనా పడుతుంది. మగవాళ్లకు బడి దాటాక అడిగేవాళ్లు లేరు. నలభై దాటాక షటిల్, వాలీబాల్ మొదలుపెట్టినవాళ్లు, చిన్నప్పటి టీకాల సంగతే గుర్తులేనివాళ్లు డాక్టరుతో ఆ విషయం తేల్చుకోవాలి. అలాంటివారికి మురికి గాయమైతే టీకాతో పాటు ఇమ్యునోగ్లోబులిన్ (తయారుగా ఉన్న యాంటీబాడీల సూది) కూడా కావలసి రావచ్చు.

గాయం చుట్టూ ఎరుపు రోజురోజుకూ పాకుతోందన్నా, గజ్జల్లో బిళ్ల కట్టిందన్నా, జ్వరం వచ్చిందన్నా ఇంట్లో ఆగకూడదు. బాక్టీరియా పాకుతోందని అర్థం. పిల్లల్లో ఇంకొకటి ఉంది, చాలామందికి తెలియదు. స్ట్రెప్టోకాకస్ అనే బాక్టీరియా వల్ల వచ్చిన చర్మం పుండ్లు మానిపోయాక మూడు వారాలకు ముఖం, కాళ్లు ఉబ్బి, మూత్రం డికాక్షన్ రంగులో రావచ్చు. అది మూత్రపిండాల వాపు. పుండు మానింది కదా అని ఎవరూ ఆ రెండింటినీ కలపరు.

ఒంటి నుంచి ఒంటికి పాకేవి కబడ్డీ, కుస్తీ లాంటి పట్టు ఆటల్లో ఎక్కువ. సెగ్గడ్డలు, చీముపొక్కులు ఉన్నవాడిని కట్టు కట్టినా సరే ఆ మ్యాచ్‌కు కూర్చోబెట్టడమే మంచిది. ఇక తామర. ఊరి క్రికెట్ టీముకు ఒక కిట్టు బ్యాగు ఉంటుంది. అందులో రెండు హెల్మెట్లు, నాలుగు ప్యాడ్లు, ఒకే ఒక్క గార్డు. ఓపెనరు తీసినది వన్‌డౌన్ పెట్టుకుంటాడు. తర్వాత టీమంతా ఎక్కడ గోక్కుంటోందో చెప్పక్కర్లేదు. సిగ్గుతో ఎవరూ డాక్టరుకు చూపించరు, మందుల షాపులో "దురద ట్యూబు" అడుగుతారు. అందులో స్టిరాయిడ్ కలిసి ఉంటే రెండు రోజుల్లో దురద చల్లబడుతుంది, వారంలో తామర రెట్టింపు అవుతుంది. స్టిరాయిడ్ పూతమందులు చీటీ లేకుండా అమ్మకూడదని 2018లో కేంద్రం నిబంధన తెచ్చినా షాపుల్లో అలవాటు పోలేదు. ఇప్పుడు మన దేశంలో పాకుతున్న తామర ఫంగస్ కూడా మొండిది. ట్రైకోఫైటాన్ ఇండోటీనియే అని 2020లో పేరు పెట్టారు. బాగా వాడే టెర్బినఫిన్ మందుకు చాలాసార్లు లొంగదు. వారాల తరబడి మందు వాడాలి, ఇంట్లో అంటినవాళ్లంతా కలిసి వాడాలి. గార్డు, నిక్కరు, తువ్వాలు ఎవరివి వాళ్లవే ఉంటే సగం గొడవ ఉండదు.

షుగర్ ఉన్నవాళ్ల గురించి విడిగా చెప్పాలి. పొద్దున్నే మైదానంలో ఉత్తకాళ్లతో నడిస్తే మంచిదని ఎవరో చెప్పి ఉంటారు. షుగర్ వల్ల పాదాల్లో స్పర్శ తగ్గితే మోడు దిగినా తెలియదు. పుండు కనబడేది సాయంత్రం, అదీ చూసుకుంటే. వీళ్లకే ఎక్కువగా వచ్చే మరో జబ్బు మెలియాయిడోసిస్. 2025లో గుంటూరు జిల్లా తురకపాలెంలో వరుస మరణాల సమయంలో ఈ పేరు పత్రికల్లో బాగా నలిగింది. దీని బాక్టీరియా మట్టిలో, వరిచేల నీళ్లలో ఉంటుంది, వానలప్పుడు పైకి వస్తుంది, గాయాల్లోంచో, తుంపర్లను పీల్చడం వల్లో లోపలికి పోతుంది. న్యుమోనియాలా కనబడుతుంది, క్షయలా కనబడుతుంది, కాలేయంలో చీముగడ్డలా కనబడుతుంది. ల్యాబులో క్రిమిని పెంచి చూసే కల్చర్ పరీక్షలో దొరికితే గానీ తేలదు. మామూలు యాంటీబయాటిక్స్ చాలావాటికి లొంగదు, చికిత్స నెలల తరబడి సాగుతుంది. ఆరోగ్యంగా ఉన్న కుర్రాళ్లకు ఇది అరుదు. షుగర్, మూత్రపిండాల జబ్బు, మద్యం అలవాటు ఉన్నవాళ్లు మాత్రం వానాకాలం బురదలో బూట్లు లేకుండా దిగకూడదు. బోదకాలు ఉన్నవాళ్లకు కూడా పాదాల సంగతే ముఖ్యం. వేళ్ల సందుల్లో చర్మం నాని చీలితే అదే దారిన బాక్టీరియా దూరి వణుకుతో జ్వరం తెస్తుంది. కడగడం ఎంత ముఖ్యమో వేళ్ల సందులు ఆరబెట్టడం అంత ముఖ్యం.

ఈతకు వద్దాం. సంక్రాంతికి ఆత్రేయపురం కాలువలో పడవ పందేలు, ఈత పోటీలు చూశాక పిల్లలకు నీళ్లమీద మోజు పెరగడం మంచిదే. పారే కాలువకూ, ఏప్రిల్, మే నెలల్లో కాలువలు కట్టేశాక లాకుల దగ్గర గుంటల్లో మిగిలిన నీళ్లకూ తేడా ఉంది. ఆ గుంటల్లో పారుదల ఉండదు, ఊళ్ల మురుగు చిక్కబడుతుంది, నీళ్లు వేడెక్కుతాయి. మెదడును తినే అమీబా అని టీవీల్లో చూపించే నైగ్లేరియా ఫౌలరీకి వెచ్చటి, ఉప్పులేని నీళ్లే ఇష్టం. ఈ అమీబా నోట్లోంచి మింగితే ఏమీ చేయదు, ముక్కులోంచి పైకి పోతేనే ప్రమాదం. 2024లో కేరళలో కొందరు పిల్లలు మెదడుకు పాకే ఇలాంటి అమీబా జబ్బుతో చనిపోయారు. కోళికోడ్ జిల్లాకు చెందిన 14 ఏళ్ల బాలుడు తొందరగా చికిత్స అంది బతికాడు. చాలా అరుదైన జబ్బు, దీనికోసం టెన్షన్ పడి ఈత మానేయనక్కర్లేదు. ఎండాకాలం నిలవ గుంటల్లో తలకిందులుగా దూకకుండా, అడుగు బురద కెలక్కుండా, ముక్కు మూసుకుంటే చాలు. చెవి కారేవాళ్లు, కర్ణభేరికి చిల్లు ఉన్నవాళ్లు కాలువలో మునగకూడదు. చెవిలో కాచిన నూనె పోయడం మానాలి. అంతర్వేది, ఓడలరేవు వైపు ఉప్పునీళ్లలో ఆల్చిప్పలకు కాలు తెగితే, ముఖ్యంగా కాలేయం చెడినవాళ్లు, ఆ గాయాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. విబ్రియో జాతి క్రిమి కొన్ని గంటల్లోనే కాలును బొబ్బలెక్కిస్తుంది.

టోర్నమెంటులో తాగే నీళ్ల మాట ఎవరూ ఎత్తరు. నీలం డ్రమ్ము, దానిమీద గొలుసుతో కట్టిన స్టీలు గ్లాసు. ఆటగాడు మట్టిచేత్తో ముంచుకుని తాగి మళ్లీ ముంచుతాడు. టైఫాయిడ్, కామెర్లు పాకడానికి ఇంతకంటే ఏర్పాటు అక్కర్లేదు. డ్రమ్ముకు కుళాయి బిగించి ఎవరి సీసా వాళ్లు పట్టుకుంటే సరిపోతుంది.

బంతి పొదల్లో పడితే దూరేవాడికి ఒక మాట. కంటికి సరిగా ఆనని, మైట్ అనే పొదల నల్లిపురుగు పిల్ల కుడితే స్క్రబ్ టైఫస్ వస్తుంది. 2025 చివర్లో మన రాష్ట్రంలో దీని పేరు రోజూ వినబడింది. కుట్టినచోట నొప్పి లేని నల్లటి పక్కు కడుతుంది, అదీ గజ్జల్లో, చంకల్లో, నడుము దగ్గర. చొక్కా విప్పి చూడకపోతే డాక్టరుకు కూడా దొరకదు.

అందుకే జ్వరంతో ఆసుపత్రికి వెళ్లేటప్పుడు వెనక్కి కనీసం ఒక నెల లెక్క పట్టుకెళ్లాలి. గాయంలో చీము పట్టడం రెండు మూడు రోజుల్లో తెలిసిపోతుంది. డెంగీ అయితే దోమ కుట్టిన 4 నుంచి 10 రోజులకు. ఎలుక జ్వరం 5–14 రోజులు, స్క్రబ్ టైఫస్ 6–21 రోజులు. ధనుర్వాతం 3 రోజుల నుంచి 3 వారాలు. టైఫాయిడ్ వారం నుంచి మూడు వారాలు. ఆ డ్రమ్ము నీళ్ల కామెర్లయితే నెల దాటాక కూడా రావచ్చు, అప్పటికి కప్పు గెలిచిన ఫొటో కూడా పాతబడి ఉంటుంది.

కాలువ గట్టుమీద పొద్దున్నే పరిగెత్తేవాళ్లను కుక్క కరిస్తే మాత్రం ఈ లెక్కలేవీ చూడకూడదు. రేబిస్ బయటపడటానికి సాధారణంగా రెండు మూడు నెలలు పడుతుంది, బయటపడ్డాక మందు లేదు. పసరు, కారం, సున్నం ఏవీ రాయకుండా కుళాయి కింద సబ్బుతో 15 నిమిషాలు కడిగి, అదే రోజు ప్రభుత్వాసుపత్రికి వెళ్లాలి. చర్మంలోకి ఇచ్చే టీకా అయితే మొదటి రోజు, దాన్ని సున్నాగా లెక్కపెట్టి ఆ తర్వాత 3, 7, 28వ రోజులు. రక్తం వచ్చేలా కరిస్తే గాయంలో, దాని చుట్టూ ఇమ్యునోగ్లోబులిన్ కూడా ఇవ్వాలి. వాళ్లు ఇవ్వకపోతే అడగాలి.